రక్షణ పోతుందా, పోదా? కాల్విన్ దారి, వెస్లీ దారి

ఇంటి కూడిక అయిపోయి టీ గ్లాసులు చేతికొచ్చే వేళకు ఎవరో ఒకరు ఈ ప్రశ్న ఎత్తుతారు: ఒకసారి రక్షణ పొందినవాడు దాన్ని పోగొట్టుకుంటాడా? వెంటనే ఒకాయన యోహాను 10:28 తీస్తాడు. గొర్రెలను నా చేతిలోంచి ఎవడూ అపహరించలేడని ప్రభువే అన్నాక ఇంకేం మాట్లాడతారండీ అంటాడు. ఎదురుగా కూర్చున్నాయన హెబ్రీ పత్రిక 6వ అధ్యాయం విప్పుతాడు. పరలోక వరాన్ని రుచి చూసి తప్పిపోయినవాళ్ల సంగతి ఇక్కడుంది, మరి వీళ్లెవరో చెప్పండి అంటాడు. గంట తర్వాత ఎవరి వాక్యం వాళ్లు చంకన పెట్టుకుని ఇంటికి పోతారు.

నన్నడిగితే ఈ తగవును తప్పు కొసనుంచి పట్టుకుంటున్నాం. లోపలున్నవాడు జారిపోతాడా అన్నది తర్వాతి మాట. బయటే ఉండిపోయినవాడి విషయంలో దేవుడి మనసేమిటన్నది ముందు తేలాలి. రెండు దారులూ నిజంగా విడిపోయేది అక్కడే.

16వ శతాబ్దపు సంస్కర్త జాన్ కాల్విన్ దారి చెప్పేది ఇది. పాపంలో చచ్చినవాడు తనంతట తాను దేవుడి వైపు తిరగలేడు. అందుకే జగత్తుకు పునాది పడకముందే దేవుడు కొందరిని ఏర్పరచుకున్నాడు, దీన్నే ఏర్పాటు సిద్ధాంతం అంటారు. పరిశుద్ధాత్మ వాళ్ల హృదయాన్ని తిప్పుతాడు, ఆ తిప్పడానికి అడ్డు ఉండదు, చివరిదాకా నిలబెట్టేదీ ఆయనే. 18వ శతాబ్దపు ఇంగ్లండు మెథడిస్టు బోధకుడు జాన్ వెస్లీ దారిలో దేవుడు అందరి రక్షణా కోరతాడు, క్రీస్తు అందరి కోసం చనిపోయాడు, పిలుపు అందరికీ నిజమైన పిలుపే. ఒల్లనని తోసేసే వీలు మాత్రం మనిషికి ఉంది, చేర్చుకున్నాక వదిలేసే వీలు కూడా.

అయితే వెస్లీ వాళ్లది సొంత క్రియల రక్షణ అనేవాళ్లు ఆ మాట మానుకోవాలి. వెస్లీ అయినా, ఆయనకు ముందు డచ్చి వేదాంతి అర్మీనియస్ అయినా, కృప ముందుగా వచ్చి తట్టకపోతే ఎవడూ అడుగు కూడా కదపలేడనే చెప్పారు. తట్టిన కృపను కాదనగలమా లేదా అన్నదొక్కటే తేడా.

శ్రీవైష్ణవంలో తెంకలై, వడకలై వాదాలు విన్నవాళ్లకు ఇదంతా ఎక్కడో విన్నట్టే ఉంటుంది. తెంకలై వాళ్లు చెప్పే పిల్లి తన కూనను నోట కరుచుకుని పోతుంది, కూన చేసేదేమీ లేదు. వడకలై వాళ్ల కోతిపిల్ల అలా కాదు, తల్లి పొట్టను గట్టిగా పట్టుకుని వేలాడాలి. మార్జాల న్యాయం కాల్విన్‌ది, మర్కట న్యాయం వెస్లీది అని సరిపెట్టేయొచ్చు. కానీ ఒకచోట పోలిక తెగుతుంది. మార్జాల న్యాయంలో తల్లి కావాలని వదిలేసి వెళ్లిన కూనల ప్రస్తావన లేదు. కాల్విన్ లెక్కలో ఉంది.

ఈ వాదానికి పాత చరిత్రే ఉంది, అదంత పవిత్రమైనదేమీ కాదు. నెదర్లాండ్స్‌లో లైడెన్ ప్రొఫెసర్ యాకోబ్ అర్మీనియస్ 1609లో పోయాడు. మరుసటి ఏడు ఆయన అనుచరులు తమ అభ్యంతరాలను ఐదు అంశాలుగా రాసిచ్చారు. 1618 నవంబరు నుంచి 1619 మే దాకా డోర్ట్ పట్టణంలో సంఘ పెద్దల సభ కూర్చుంది. ఆ అనుచరులను చర్చకు వచ్చినవాళ్లుగా చూడలేదు, ముద్దాయిల్లా నిలబెట్టి వాదాన్ని కొట్టేసింది. సుమారు 200 మంది పాస్టర్ల పదవులు పోయాయి. వాళ్ల పక్షం వహించిన ఓల్డెన్‌బార్నెవెల్ట్ అనే రాజనీతిజ్ఞుడికి 71 ఏళ్ల వయసులో, ఆ మే నెలలోనే తల తీశారు. న్యాయశాస్త్రి గ్రోషియస్ రెండేళ్ల తర్వాత పుస్తకాల పెట్టెలో దాక్కుని చెరసాల దాటాడు. ఇందులో దేవుడి ఏర్పాటు ఎంతో, డచ్చి రాజకీయం ఎంతో విడదీయడం కష్టం.

నాకు ఎక్కువ పనికొచ్చింది ఆ తర్వాతి శతాబ్దపు తగవు, ఎందుకంటే అది స్నేహితుల మధ్య జరిగింది. 1739లో ఇంగ్లండులోని బ్రిస్టల్ దగ్గర, కింగ్స్‌వుడ్ బొగ్గుగని కూలీలకు జార్జ్ విట్‌ఫీల్డ్ ఆరుబయట ప్రసంగించాడు. మసిపట్టిన ముఖాల మీద కన్నీళ్లు తెల్లటి చారలు కట్టాయట. జాన్ వెస్లీని ఆ ఆరుబయలు సేవలోకి లాగిందీ ఆయనే. విట్‌ఫీల్డ్ కాల్విన్ పక్షం, వెస్లీ కాదు. అదే ఏడు వెస్లీ ఏర్పాటు సిద్ధాంతం మీద ప్రసంగం చేసి అచ్చు వేయించాడు. అందులో మాట చాలా ఘాటు: ఈ బోధ దేవుణ్ణి సాతాను కంటే అధ్వాన్నంగా చూపిస్తుందన్నాడు. ఎవరు రక్షణ పొందాలో ముందే తేలిపోతే ప్రసంగమెందుకు అని కూడా అడిగాడు. ఆ ప్రసంగం వెలువరించాలా వద్దా అని ఆయన చీటీ వేసి చూశాడు. మనిషి ఎంపికకు విలువుందని వాదించేవాడు తన ఎంపికను చీటీకి వదిలేయడం తలచుకుంటే నాకు నవ్వొస్తుంది.

విట్‌ఫీల్డ్ 1740 డిసెంబరు 24న అమెరికాలోని జార్జియా నుంచి జవాబు రాశాడు. ఏర్పరచబడినవాళ్లెవరో మనకు తెలియదు, అందుకే అందరికీ ప్రకటించాలన్నది ఆయన వాదన. ఆ బొగ్గు కూలీలే దానికి సాక్ష్యం. ఏర్పాటు సిద్ధాంతం నమ్మినవాడికి నశించేవాళ్ల మీద కనికరం ఉండదన్న ఆరోపణ విట్‌ఫీల్డ్ ముందు నిలవదు. వెస్లీ రెండో అభ్యంతరానికి జవాబు దొరికింది. మొదటిదానికి మాత్రం, అంటే దేవుడి స్వభావం మీద వేసిన ప్రశ్నకు, ఆ జవాబు చాలదు.

ఈ రెండు దారులనూ ఒక తల్లి ముందు పెట్టి చూద్దాం. కొడుకు పదహారేళ్లకు బాప్తిస్మం తీసుకున్నాడు, యూత్ మీటింగుల్లో గిటారు వాయించాడు, ఇప్పుడు ఆదివారం మందు వాసనతో మంచం దిగడు. ఆమె చర్చి వసారాలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మావాడి రక్షణ పోయినట్టేనా అయ్యగారూ?" అని అడిగింది. కాల్విన్ దారి పాస్టరు నిజాయితీగా చెప్పాలంటే, "ఏర్పరచబడినవాడైతే దేవుడే తిప్పుకొస్తాడమ్మా, రాకపోతే వాడు మొదట్నుంచీ విశ్వాసి కాడు" అనాలి. ఆ రెండో ముక్క ఇంటికెళ్లాక ఆమెను వదలదు: గిటారు వాయిస్తూ ఏడ్చిన ఆ పిల్లాడిది నటనైతే, మరి నా సంగతేమిటి? నిశ్చయతకు పేరుపడ్డ సిద్ధాంతం సరిగ్గా ఆమెకు నిశ్చయత కావలసిన చోటే జారిపోతుంది. వెస్లీ దారి పాస్టరు, "వాడు ఇప్పుడు బయటే ఉన్నాడు తల్లీ, పరలోకపు తండ్రి మాత్రం వాకిట్లోంచి లేవలేదు, వాడు రావాలి" అంటాడు. ఇది కటువే. కానీ ఇందులో దేవుడి మనసు గురించి ఆమెకు అనుమానం మిగలదు.

మన దగ్గర వాడుకలో ఎక్కువగా వినపడే మాట మూడోది. "నమ్మడం నీ ఇష్టం, నమ్మాక మాత్రం ఇక పోదు." బాప్టిస్టు, బ్రదరెన్ సంఘాల్లో పెరిగినవాళ్లకు ఇది చిన్నప్పటి పాఠం. లోపలికి రావడానికి మన ఇష్టం చెల్లుతుందట, బయటికి పోవడానికి చెల్లదట. వినడానికి హాయిగా ఉంటుంది గానీ రెండు సిద్ధాంతాల్లోనూ నచ్చిన సగాలను కోసి కుట్టినట్టుంటుంది. ఆ గిటారు కుర్రాడు దీన్నే వాళ్లమ్మకు తిప్పి చెబుతాడు: "నాకేం పర్లేదమ్మా, నేనెప్పుడో రక్షణ పొందా." పెంతెకొస్తు సంఘాలు ఈ మాటను గట్టిగా కాదంటాయి. గుంటూరు ప్రాంతానికి 1842లో వచ్చిన లూథరన్ల పాత బోధ ఇంకోలా ఉంది. రక్షణ పూర్తిగా దేవుడి పని, నాశనం పూర్తిగా మనిషి తప్పు. ఆ రెంటికీ అతుకు ఎలా పడుతుందో మాత్రం వాళ్లు చెప్పరు. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన మెదక్ చర్చి వెస్లీ మిషనరీల పనే. అక్కడ ప్రార్థించేవాళ్లలో ఈ గొడవ తెలిసినవాళ్లు ఎంతమందో!

ఏది మేలంటే నేను వెస్లీ వైపే మొగ్గుతాను. ఒక్క వాక్యం నన్నటు లాగుతుంది. మత్తయి 23:37లో యెరూషలేమును చూసి యేసు, కోడి పిల్లలను రెక్కల కింద చేర్చుకున్నట్టు నిన్ను చేర్చుకోవాలని ఎన్నోసార్లు అనుకున్నాను, "మీరు ఒల్లకపోతిరి" అన్నాడు. ఆయన కోరాడు, వాళ్లు ఒల్లలేదు. ఆ కోరికకు వెనక ఇంకో రహస్య నిర్ణయం ఉందనుకుంటే ఆ దుఃఖానికి అర్థం ఉండదు. అందరూ రక్షణ పొందాలని దేవుడు ఇచ్ఛయిస్తున్నాడన్న 1 తిమోతి 2:4 కూడా ఉంది. "అందరు" అంటే అన్ని రకాలవాళ్లని కాల్విన్ పక్షంవాళ్లు చెప్పే అర్థం నాకు లాగి పట్టినట్టే ఉంటుంది.

ఒక మంచం దగ్గర మాత్రం కాల్విన్ మాటే పనికొస్తుంది. మతిమరుపు ముదిరి, జీవితమంతా పాడిన కీర్తనల్లో ఒక్క చరణం గుర్తులేక, చివరికి యేసు పేరు కూడా పలకలేని ముసలాయన దగ్గర. కోతిపిల్ల చేతుల్లో పట్టు పోయింది. కావాలని తిరస్కరిస్తేనే పోతుందని వెస్లీ వాళ్లు సర్దిచెబుతారు, అది సబబే. కానీ ఆయన కూతురికి అక్కడ కావలసింది యోహాను 10:28, షరతు లేకుండా. ప్రార్థన విషయంలోనూ అంతే. "వాడి మనసు మార్చు తండ్రీ" అని ఆ గిటారు కుర్రాడి తల్లి మోకరించినప్పుడు, దేవుడు మనసు మార్చగలడని నమ్మే కదా అడుగుతోంది.

ఇక రోమా 9వ అధ్యాయం ఉండనే ఉంది. పొందగోరేవాడి వల్లా ప్రయాసపడేవాడి వల్లా కాదు, కరుణించే దేవుడి వల్లే అంటాడు పౌలు. అక్కడ మాట్లాడింది జాతుల గురించి, ఒక్కొక్క మనిషి గురించి కాదని వెస్లీ పక్షంవాళ్లు చెప్పే వివరణ యాకోబు, ఏశావుల దగ్గర బాగానే కుదురుతుంది. దేవుడే హృదయం కఠినపరచిన ఫరో దగ్గరికొచ్చేసరికి నాకు సగమే ఆనుతుంది.