టీఎస్‌హెచ్ ఒక్కటే చాలా? మొత్తం ప్రొఫైల్ చేయించాలా?

నేను పదకొండేళ్లుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నానని తెలిసినవాళ్లంతా నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "రేపు ల్యాబ్‌కి వెళ్తున్నా. టీఎస్‌హెచ్ ఒక్కటీ చేయిస్తే చాలా? టీ3, టీ4 కలిపి ప్రొఫైల్ అంటున్నారు, అది తీసుకోనా?" ఈమధ్య దీనికి ఇంకో తోక తగులుకుంది: ఫ్రీ టీ3, ఫ్రీ టీ4 అని వేరే ఉన్నాయట కదా, వాటి సంగతేమిటని. ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇదంతా ఒకచోట రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. పదకొండేళ్ల రిపోర్టులు ఫైల్లో దాచుకుని, అర్థం కానివి డాక్టర్‌ని పదేపదే అడిగి తెలుసుకున్న పేషెంట్‌ని, అంతే.

ముందు టీఎస్‌హెచ్ సంగతి. థైరాయిడ్ గ్రంథి తయారుచేసే హార్మోన్లు టీ3, టీ4. వాటిని తయారుచేయమని మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి పంపే హార్మోన్ టీఎస్‌హెచ్. మూడు టెస్టుల్లో ఒకటి కాబట్టి ఇది మూడో వంతు సమాచారమే ఇస్తుందని చాలామంది లెక్క. నిజానికి ప్రొఫైల్‌లో ఎక్కువ బరువు మోసేది ఇదే. రక్తంలో టీ4 ఏమాత్రం తగ్గినా పిట్యూటరీ గ్రంథి పసిగట్టి టీఎస్‌హెచ్‌ని పెంచుతుంది. ఆ పెంచడం కూడా మామూలుగా ఉండదు. ఫ్రీ టీ4 (రక్తంలో దేనికీ అతుక్కోకుండా తిరిగే టీ4) సగానికి పడిపోతే టీఎస్‌హెచ్ రెట్టింపుతో ఆగదు, వంద రెట్ల దాకా పోగలదు. అందుకే టీ4 ఇంకా రేంజ్ లోపల హాయిగా ఉండగానే టీఎస్‌హెచ్ (మామూలుగా ఇంచుమించు 0.4 నుంచి 4 దాకా ఉండేది) 7కో 8కో చేరి ముందే కబురు చెప్పేస్తుంది. ఇటువైపు హైపర్‌లోనూ (థైరాయిడ్ అతిగా పనిచేయడం) అంతే, మిగతా అంకెలు గీత దాటకముందే ఇది 0.1 కిందకి దిగిపోతుంది.

అయితే టీఎస్‌హెచ్ నిదానంగా కదిలే అంకె. డోసు మార్చిన పది రోజులకే వెళ్లి టెస్ట్ చేయించుకుని "ఏమీ తగ్గలేదు" అని బెంగపడేవాళ్లు నాకు తెలుసు. టీ4 సగం ఖర్చు కావడానికే వారం పడుతుంది. రక్తంలో అది కొత్త మట్టానికి చేరి, పిట్యూటరీ దానికి అలవాటు పడేసరికి ఆరు వారాలవుతుంది. ఈలోపు వచ్చిన టీఎస్‌హెచ్ పాత డోసు గురించి మాట్లాడుతుంది, కొత్త డోసు గురించి కాదు. హైపర్‌కి మందు మొదలుపెట్టినవాళ్లలో ఇంకా ఆలస్యం. హార్మోన్లు మామూలుకొచ్చాక కూడా టీఎస్‌హెచ్ నెలల తరబడి అణిగే ఉండొచ్చు.

ఇక ప్రొఫైల్. ల్యాబ్‌లో ఉత్తినే "థైరాయిడ్ ప్రొఫైల్" అంటే చాలాచోట్ల టోటల్ టీ3, టోటల్ టీ4, టీఎస్‌హెచ్. నా దృష్టిలో అసలు తేల్చుకోవాల్సింది ఈ 'టోటల్' అన్న మాట దగ్గరే. రక్తంలో తిరిగే టీ4లో సుమారు 99.97 శాతం ప్రోటీన్లకు అతుక్కుని ఉంటుంది. శరీరానికి పనికొచ్చేది మిగిలిన ఆ పిసరంతే, అదే ఫ్రీ టీ4. టోటల్ టీ4 ఈ రెంటినీ కలిపి లెక్కపెడుతుంది. అంటే బీరువాలో తాళమేసిన డబ్బునీ జేబులో చిల్లరనీ కలిపి చెప్పి, ఇప్పుడు నువ్వెంత ఖర్చు పెట్టగలవో చూసుకో అన్నట్టు. ప్రోటీన్లు పెరిగితే టోటల్ పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. రెండు సందర్భాల్లోనూ థైరాయిడ్ గ్రంథి తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది.

ఇదేదో పుస్తకాల్లో కనిపించే అరుదైన వ్యవహారం కాదు. గర్భంతో ఉన్నా, ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడినా ఆ ప్రోటీన్లలో ముఖ్యమైన టీబీజీ పెరుగుతుంది. నా స్నేహితురాలు ఆ మాత్రలు వాడుతున్న రోజుల్లో హెల్త్ చెకప్ ప్యాకేజీలో భాగంగా ప్రొఫైల్ చేయించుకుంది. టీఎస్‌హెచ్ 1.8, నిక్షేపంగా ఉంది. టోటల్ టీ4 పక్కన మాత్రం బోల్డు అక్షరాల్లో 'హై'. ఇంకేముంది, వారం రోజులు టెన్షన్, నిద్రలేదు, గుండె దడ (దడ హైపర్ లక్షణం కదా, అది చదివాక ఇంకా పెరిగింది). డాక్టర్ చేసిందల్లా ఏయే మాత్రలు వాడుతున్నావని అడిగి, ఫ్రీ టీ4 ఒకటి రాయడం. అది రేంజ్ మధ్యలో వచ్చింది. ప్యాకేజీ ఇచ్చిన అదనపు అంకె కొత్త విషయమేదీ చెప్పకపోగా ఒక వారం తినేసింది.

టీ3 గురించి కూడా ఓ మాట. థైరాయిడ్ మందగించినప్పుడు శరీరం టీ3ని చివరిదాకా కాపాడుకుంటుంది, అన్నిటికంటే ఆఖరున పడిపోయేది అదే. కాబట్టి హైపో అనుమానంతో వెళ్లినవాళ్లకి "టీ3 నార్మల్" అన్నది ధైర్యం ఇవ్వాల్సిన మాట కాదు, బెంగ పెట్టాల్సిన మాటా కాదు. దాని అవసరం హైపర్ వైపు ఉంది. టీఎస్‌హెచ్ అణిగిపోయి టీ4 మామూలుగా ఉంటే, టీ3 ఒక్కటే పెరిగిన హైపర్ కావచ్చు. అప్పుడు టీ3 చూడకపోతే తప్పు.

మూడోది, నేను మొగ్గేది: టీఎస్‌హెచ్‌తో పాటు ఫ్రీ టీ4. మొదటిసారి చేయించుకునేవాళ్లకి ఇదే చెబుతాను. టీఎస్‌హెచ్ ఒక్కటే చూస్తే దొరకని ఒక చిక్కు ఉంది. లోపం థైరాయిడ్‌లో కాక పిట్యూటరీలోనే ఉంటే, టీ4 పడిపోయినా టీఎస్‌హెచ్ పెరగదు, నార్మల్‌గా కూడా కనిపించొచ్చు. అరుదే, కాదనను. కానీ అలాంటివాళ్లు టీఎస్‌హెచ్ చూసుకుని "నాకేం లేదట" అని ఇంటికొచ్చేస్తారు. కొన్ని ల్యాబుల్లో ముందు టీఎస్‌హెచ్ చేసి, అది గీత దాటితేనే అదే రక్తంతో ఫ్రీ టీ4 చేసే పద్ధతి ఉంది. పిట్యూటరీ అనుమానం లేనివాళ్లకి అది ఇంకా నయం, రెండోసారి సూది పోటు తప్పుతుంది.

ఫ్రీ టీ4 మచ్చలేనిదని మాత్రం అనుకోకండి. ఒక్కో కంపెనీ మిషన్ ఒక్కో రకంగా కొలుస్తుంది, యూనిట్లూ మారతాయి. ఒకచోట డెసిలీటర్‌కి 1.2 నానోగ్రాములు అని వచ్చింది, ఇంకోచోట లీటర్‌కి 15.4 పికోమోల్స్ అని వస్తుంది. రెండూ ఒకటే. తెలియకపోతే దాదాపు పదమూడు రెట్లయిందని గుండె ఆగినంత పనవుతుంది. గర్భిణుల్లో దీని లెక్క ఇంకా తేడాగా ఉంటుంది, టీఎస్‌హెచ్ కూడా మొదటి మూడు నెలల్లో సహజంగానే కాస్త దిగుతుంది. వాళ్లు రిపోర్టులో అచ్చువేసిన మామూలు రేంజ్‌తో పోల్చుకోకుండా డాక్టర్‌కే వదిలేయడం మంచిది.

నేను స్వయంగా బోల్తాపడింది కూడా ఫ్రీ టీ4 దగ్గరే. ఒకసారి అలవాటు ప్రకారం తెల్లవారుజామునే మాత్ర వేసుకుని, రెండు గంటల తర్వాత వెళ్లి రక్తం ఇచ్చాను. టీఎస్‌హెచ్ 2.3. ఫ్రీ టీ4 గీత దాటి పైన. డోసు ఎక్కువైందని నేనే తీర్మానించుకుని, మర్నాటి నుంచి సగం మాత్ర వేసుకుందామని కత్తి కూడా తీశాను. డాక్టర్ రిపోర్ట్ చూసి అడిగింది ఒక్కటే: "మాత్ర వేసుకుని వెళ్లారా?" ఆ మాత్రలో ఉండేది టీ4యే కాబట్టి, మింగిన కొన్ని గంటలపాటు రక్తంలో టీ4 పైకి లేచి మళ్లీ దిగుతుంది. నేను సరిగ్గా ఆ సమయంలో వెళ్లి దొరికిపోయాను. టీఎస్‌హెచ్ మాత్రం ఆ గంటల గొడవేమీ పట్టించుకోలేదు.

ఇంతకంటే పెద్ద మోసం బయోటిన్‌ది. జుట్టు రాలుతోందని, గోళ్లు విరుగుతున్నాయని వాడే మాత్రల్లో 5 నుంచి 10 మిల్లీగ్రాముల బయోటిన్ ఉండటం మామూలే. మనిషికి రోజుకి కావలసింది దాదాపు 30 మైక్రోగ్రాములు. కొన్ని రకాల మిషన్లు ఆ బయోటిన్ ఆధారంగానే కొలుస్తాయి కాబట్టి, రక్తంలో అది మితిమీరితే టీఎస్‌హెచ్ లేనంత తక్కువగా, ఫ్రీ టీ4 లేనంత ఎక్కువగా చూపిస్తాయి. రెండూ కలిస్తే అచ్చం హైపర్ రిపోర్టే, డాక్టర్లనే తికమక పెట్టేంత. బయోటిన్ మాత్ర కనీసం రెండు రోజుల ముందు ఆపితే చాలు. జుట్టు రాలడం థైరాయిడ్ వల్లేనేమో అని టెస్టుకెళ్లేవాళ్లే ఈ మాత్రలు వాడేది కూడా, అదీ తమాషా.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. యాంటీ టీపీఓ (థైరాయిడ్ మీద దాడి చేసే యాంటీబాడీల టెస్టు): టీఎస్‌హెచ్ పెరిగినప్పుడు కారణం హషిమోటో వ్యాధేనా (మన రోగనిరోధక శక్తే థైరాయిడ్‌ని దెబ్బతీయడం) అని తేల్చుకోవడానికి ఒక్కసారి. ప్రతి ఆరు నెలలకీ ఆ అంకె తగ్గిందా అని చూసుకోవడం దండగ, వైద్యం దాన్ని బట్టి మారదు. మెడ అల్ట్రాసౌండ్: గడ్డ చేతికి తగిలితేనో వాపు ఉంటేనో. హార్మోన్ ఎంతుందో అది చెప్పలేదు. రివర్స్ టీ3 (టీ4 నుంచి తయారయ్యే, పనిచేయని రకం టీ3): వద్దు.

అయితే ఏ టెస్టు ఎంచుకున్నా టీఎస్‌హెచ్ 5, 6 దగ్గర వచ్చినవాళ్లు అదే రోజు జీవితాంతం మాత్రలని నిర్ణయించేసుకోకండి. మామూలు రేంజ్ ఇంచుమించు 0.4 నుంచి 4 దాకా. వయసు మళ్లినవాళ్లలో పై గీత కాస్త ఎక్కువే ఉంటుంది. రాత్రిపూట టీఎస్‌హెచ్ ఎక్కువ, మధ్యాహ్నానికి తగ్గుతుంది. జ్వరం పడి లేచాక కొన్నాళ్లు పెరగనూ వచ్చు. ఫ్రీ టీ4 బాగుంటే రెండు మూడు నెలలాగి, అదే ల్యాబ్‌లో, అదే వేళకి మళ్లీ చేయిస్తారు. చాలామందికి రెండోసారి అంకె దానంతటదే దిగొస్తుంది. 10 దాటితే మాత్రం సాధారణంగా మందు మొదలుపెడతారు. గర్భిణులకి, పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్లకి ఈ ఆగడం వర్తించదు, వెంటనే వెళ్లాలి.

నాలాగా డోసు కుదిరి ఏళ్లు గడిచినవాళ్లకి ఏడాదికోసారి టీఎస్‌హెచ్ ఒక్కటే చాలన్నది నా పద్ధతి, మా డాక్టర్‌ది కూడా. పోయిన నెల నా వంతు వచ్చింది. ప్యాకేజీలో అన్నీ కలిపి చేస్తామని కౌంటర్ దగ్గర రెండుసార్లు చెప్పారు, వద్దన్నాను. మాత్ర బ్యాగులో పెట్టుకుని వెళ్లి, రక్తం ఇచ్చాక వేసుకున్నాను. 2.9 వచ్చింది. కిందటేడు 2.1. "పెరుగుతోందా?" అని ఈసారి అడిగింది నేను కాదు, రిపోర్ట్ తెచ్చిచ్చిన మా అబ్బాయి. అదే మనిషిలో అదే డోసు మీద ఆ మాత్రం ఊగిసలాట ఎప్పుడూ ఉండేదే అని చెప్పి కాగితం ఫైల్లో పెట్టేశాను.