ఏరోబార్ల మీద మూడేళ్లు: ఎంత వంగితే లాభం?

మోచేతులు ఆనించి ముందుకు వంగి తొక్కడానికి మామూలు రోడ్డు సైకిల్ హ్యాండిల్‌కే బిగించుకునే ఏరోబార్లు కొని మూడేళ్లు దాటింది. వారానికి మూడు రోజులు చీకటితోనే నెల్లూరులో బయల్దేరి, పెన్నా వంతెన, కోవూరు దాటాక కావలి వైపు హైవే మీద పది కిలోమీటర్లు పోతాను, పది వెనక్కి వస్తాను. పోయేటప్పుడు ఎదురుగాలైతే వచ్చేటప్పుడు అదే వెనక నుంచి తోస్తుంది. అందుకే రానూపోనూ కలిపి చూస్తాను. క్రాంకుకి, అంటే పెడల్ బిగించే కడ్డీకి, ఎన్ని వాట్లతో తొక్కుతున్నానో చూపే పవర్ మీటర్ ఉంది. అది లేకుంటే ఈ సమీక్ష రాసే ధైర్యం చేసేవాణ్ని కాదు.

బార్లు లేనప్పుడు హ్యాండిల్ మీద బ్రేకుల పిడులు (హుడ్స్) పట్టుకుని 205 వాట్లు తొక్కితే గంటకు 34 కిలోమీటర్లు వచ్చేది. బిగించిన వారంలోనే 195 వాట్లకు 35 దాటింది. తొక్కింది తక్కువ, పోయింది ఎక్కువ! చదును రోడ్డు మీద ఆ వేగంలో మన బలం చాలావరకు గాలిని తోసుకుపోవడానికే ఖర్చవుతుంది. వేగం రెట్టింపు కావాలంటే గాలికి పెట్టే వాట్లు ఎనిమిది రెట్లు కావాలి. మోచేతులు దగ్గరికి చేర్చి తల దించితే గాలికి అడ్డుపడే ఒళ్లు తగ్గుతుంది. 1989 టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ రేసు ఆఖరి రోజు, వెర్సై నుంచి పారిస్‌కి ఒక్కొక్కరూ విడిగా గడియారంతో పోటీపడే 24.5 కిలోమీటర్ల టైమ్ ట్రయల్‌లో అమెరికా రైడర్ గ్రెగ్ లెమాండ్ ఇలాంటి బార్ల మీదే తొక్కాడు. అప్పటికి మొత్తం సమయంలో 50 సెకన్లు ముందున్న ఫ్రాన్స్ రైడర్ ఫిన్యోఁని దాటేసి 8 సెకన్ల తేడాతో టూరే గెలిచాడు.

అది తలకెక్కి ఇంకా కిందికి వంగాలనుకున్నాను. హ్యాండిల్‌ని ఎత్తులో ఉంచే రింగులు, స్పేసర్లన్నీ తీసేశాను. ఫొటోలో వీపు బల్లపరుపుగా కనిపించింది, నాకు భలే నచ్చింది. మీటర్ మాత్రం 175 వాట్లు దాటేది కాదు. వేగం 34న్నర దగ్గరే ఆగిపోయింది. ఒంట్లో సత్తువ తగ్గిందేమోనని నాలుగు నెలలు దిగులుపడ్డాను. టీ కొట్టు దగ్గర ఆపినప్పుడు కొట్టాయన అడిగాడు: "ఏందన్నా, అంత వంగితే ఊపిరాడుద్దా?" ఆడేది కాదు. పెడల్ పైకొచ్చిన ప్రతిసారీ మోకాలు పొట్టకు తగిలేది, తుంటి ముడుచుకుపోయి తొడలకు బలం అందేది కాదు. గాలి దగ్గర మిగిలినదానికంటే కాళ్లలో పోయిందే ఎక్కువ.

మోచేతుల ప్యాడ్లు 2 సెంటీమీటర్లు పైకెత్తాను, సీటు అంతే ముందుకు జరిపాను. తర్వాత 172.5 మిల్లీమీటర్ల క్రాంకు తీసి 165ది వేయించాను. తుంటికి చోటు దొరికింది. ఇప్పుడు 192 వాట్లకు 35న్నర వస్తుంది, 40 నిమిషాలైనా ఆ పొజిషన్‌లోనే ఉండగలుగుతున్నాను. అసలు కొలత ఇదే: ఐదు నిమిషాలు వంగి మెడ నొప్పితో లేచే పొజిషన్ ఎంత సన్నగా ఉన్నా దండగే.

లోపాలూ ఉన్నాయి. బార్ల మీద ఉంటే బ్రేకులు చేతికందవు. మైపాడు రోడ్డులో గేదెలు ఎప్పుడు అడ్డమొస్తాయో తెలియదు, అక్కడ నేను బార్లు ముట్టుకోను. హైవే మీద లారీ దాటేటప్పుడు సైకిల్ ఊగుతుంది, కొత్తవాళ్లు అప్పుడు హుడ్స్ మీదికి రావడం మేలు. ప్యాడ్ల స్పాంజి చెమటకు చివికి రెండుసార్లు మార్చాను. సముద్రపు గాలికి బోల్టులు తుప్పు పడతాయి, నెలకోసారి విప్పి గ్రీజు రాయండి.