సిజర్ లిఫ్ట్ పూర్తిగా లేవడం లేదా? ఆయిలా, రిలీఫ్ స్క్రూనా, సీల్ కిట్టా, పంపా: ఏది మేలు?

విజయవాడ ఆటోనగర్‌లో కారు లేపే లిఫ్ట్ కావచ్చు, గుంటూరు కోల్డ్ స్టోరేజీ ముందు మిర్చి టిక్కీలను లారీ ఎత్తుకు లేపే టేబుల్ కావచ్చు, ఆయిల్ ప్రెజర్‌తో కత్తెరలా కాళ్లు విచ్చుకుని లేచే ఈ సిజర్ లిఫ్టుల మీద ఫిర్యాదు ఒకటే: ముప్పావు వంతు లేచి ఆగిపోతోంది. సలహాలు మాత్రం నాలుగు రకాలుగా వస్తాయి. ఆయిల్ పొయ్యమంటారు, రిలీఫ్ స్క్రూ (ఆయిల్ ప్రెజర్ హద్దు దాటకుండా చూసే రిలీఫ్ వాల్వ్ మీది స్క్రూ) బిగించమంటారు, సీల్ కిట్ (సిలిండర్ నుంచి ఆయిల్ కారకుండా ఆపే సీళ్ల సెట్) మార్చమంటారు, పంపే పోయిందంటారు. చాలామంది స్క్రూ దగ్గరే మొదలుపెడతారు, ఒక్క స్పానరుతో అయిపోతుంది కాబట్టి. ఈ నాలుగింటిలో ముందు చెయ్యకూడనిది అదే.

ఎందుకో లిఫ్ట్ కాళ్లే చెబుతాయి. కాళ్లు దాదాపు పడుకుని ఉన్నప్పుడే, వాటిని ఆయిల్ ప్రెజర్‌తో తోసే సిలిండర్ మీద భారం ఎక్కువ. సిలిండర్ అడ్డంగా ఉండి కాలి కింది కొసను తోసే అమరికలో, కాళ్లు 10 డిగ్రీల కోణంలో ఉంటే టన్ను బరువుకు సుమారు 5.7 టన్నుల తోపు కావాలి. 45 డిగ్రీలకు చేరేసరికి టన్నుకు టన్ను చాలు. సిలిండర్ ఏటవాలుగా ఉంటే అంకెలు మారతాయి గానీ, పైకి పోయేకొద్దీ భారం తగ్గడం మామూలే. కాబట్టి ప్రెజర్ చాలని లిఫ్ట్ నేల మీదే మొరాయిస్తుంది. బరువుతో చక్కగా లేచి పైన ఆగిపోయిన లిఫ్ట్‌కు స్క్రూ తిప్పి లాభం లేదు.

ఆగిన చోట మోటారు ఏం చేస్తోందో చూడండి. మోటారు కూడా ఆగిపోతే అది ఆయిల్ గొడవ కాదు, కరెంటు గొడవ. పై లిమిట్ స్విచ్ (పూర్తి ఎత్తుకు చేరగానే మోటారును ఆపే స్విచ్) చెయ్యి వంగిందేమో, జరిగిందేమో చూడాలి. రెండు ప్లాట్‌ఫారాల కారు లిఫ్టుల్లో ఫొటోసెల్ (రెండు ప్లాట్‌ఫారాలు సమానంగా లేస్తున్నాయా అని చూసే కాంతి సెన్సర్) ఉంటే దాని అద్దం మీద దుమ్ము తుడవాలి. బ్యాటరీతో నడిచే, మనిషి ఎక్కే లిఫ్టుల్లో ఓవర్‌లోడ్ సెన్సర్, వాలు సెన్సర్, చక్రం గుంతలో పడినా లిఫ్ట్ ఒరగకుండా కిందికి దిగాల్సిన రక్షణ పలకలు చూడాలి. ఆ పలకలు పూర్తిగా దిగకపోతే లిఫ్ట్ కొంత ఎత్తు దాటదు. వీటికి సీల్ కిట్ కొనడం డబ్బు దండగ.

మోటారు తిరుగుతూ గరగరమంటుంటే, ట్యాంకులో నురగ కనిపిస్తుంటే, పంపుకు ఆయిల్ అందడం లేదు. పైన ఆగే లిఫ్టులకు ముందుగా అనుమానించాల్సింది ఇదే. లెక్క చూడండి: 80 మిల్లీమీటర్ల బోరు (లోపలి వ్యాసం), 600 మిల్లీమీటర్ల స్ట్రోకు (రాడ్ బయటికి వచ్చే పొడవు) ఉన్న సిలిండర్‌కు సుమారు 3 లీటర్లు పడుతుంది, రెండు సిలిండర్లకు 6. ట్యాంకులో మట్టం సక్షన్ పైపు (పంపు ఆయిల్ పీల్చే పైపు) బయటపడే స్థాయికి చేరాక ఇంకో లీటరు కావాల్సి ఉంటే, ఒక్కో రాడ్ దాదాపు 10 సెంటీమీటర్లు బయటికి రాకుండానే ఆగిపోతుంది. ఆయిల్ మట్టం చూసేది లిఫ్ట్ పూర్తిగా దించాకే. పైన ఉండగా నింపితే, దించేటప్పుడు ట్యాంకు పొంగుతుంది. మట్టం సరిగానే ఉన్నా గరగర పోకపోతే సక్షన్ స్ట్రైనర్ (ఆ పైపు మూతి దగ్గరి జల్లెడ) విప్పి కడగండి. ఆయిల్ గ్రేడు (చిక్కదనం తెలిపే అంకె) లిఫ్ట్ ప్లేటు మీద ఉన్నదే పొయ్యాలి, 46 అడిగిన చోట 32 వద్దు. అయితే ఆయిల్ ఊరికే తగ్గదు. పోసి వదిలేస్తే నెలలో మళ్లీ అదే ఎత్తు దగ్గర ఆగుతుంది. కారే చోటు వెతకండి, చేత్తో తడిమి మాత్రం కాదు, అట్టముక్క పెట్టి. సన్నని ధార చర్మంలోకి దూసుకుపోతుంది.

మోటారు బరువుగా మూలుగుతూ, రిలీఫ్ వాల్వ్ దగ్గర సుయ్‌మంటూ, ఖాళీ ప్లాట్‌ఫారమైనా ప్రతిసారీ ఒకే ఎత్తులో ఆగుతుంటే ఏదో అడ్డుపడుతోంది. రోలర్ తిరిగే పట్టాలో చెత్త, వంగిన పిన్ను, గ్రీజు లేక పట్టేసిన బుష్షు, లేవని సేఫ్టీ లాక్ చూడండి. స్క్రూ బిగించడంలో అసలు ప్రమాదం ఇక్కడే. అడ్డు అలాగే ఉండగా ప్రెజర్ పెంచితే వంగేది లిఫ్ట్ కాళ్లే.

సీల్ కిట్టా, వాల్వా అన్న సందేహానికి సుద్దముక్క చాలు. బరువుతో లేపి, మోటారు ఆపి, ఎత్తు దగ్గర గీత గీసి పది నిమిషాలు ఆగండి. కిందికి జారుతూ, సిలిండర్ గ్లాండ్ (రాడ్ బయటికి వచ్చే చోటి మూత) దగ్గరో గాలి రంధ్రం దగ్గరో ఆయిల్ కనిపిస్తే సీల్ పోయింది. ఎక్కడా తడి లేకుండా జారితే, దించే సోలినాయిడ్ వాల్వ్ (కరెంటుతో తెరుచుకునే వాల్వ్) సీటులో నలుసు ఇరుక్కుని ఉంటుంది, ఆయిల్ లోలోపలే ట్యాంకుకు తిరిగి వెళ్తుంది. వాల్వ్ విప్పి కడగడం గంట పని, ముందు అది చెయ్యండి. సీల్ మార్చాల్సి వస్తే రాడ్ మీద గీతలు చూడండి. గీతలున్న రాడ్ కొత్త సీల్‌ను కూడా కోసేస్తుంది. మిర్చి దుమ్ములో పనిచేసే టేబుళ్లకు వైపర్ సీల్ (రాడ్ మీది దుమ్ము తుడిచే సీల్) కూడా తప్పకుండా మార్చాలి. పాత సీల్ చూపించి అలాంటిదే తెచ్చుకునేకంటే, బోరు, రాడ్ కొలతలు కొలిచి తీసుకోవడం మేలు, ఎందుకంటే అరిగిన సీల్ సరైన కొలత చూపించదు.

ఏది విప్పినా ముందు లిఫ్ట్‌ను పూర్తిగా దించాలి. దిగకపోతే సేఫ్టీ స్టాండు బిగించాకే కిందికి వెళ్లాలి. జాకీ చాలదు.

మరి స్క్రూ ఎప్పుడు? ప్లేటు మీద రాసిన బరువునే నేల నుంచి లేపలేకపోయినప్పుడు. అప్పుడైనా 250 బార్ దాకా చూపే ప్రెజర్ గేజ్ బిగించి, ప్లేటు మీది అంకె కంటే తక్కువ చూపిస్తేనే, లాక్‌నట్ వదులు చేసి పావు చుట్టు చొప్పున తిప్పాలి. ఒక చుట్టు తిరిగినా గేజ్ ముల్లు కదలకపోతే స్క్రూ పాత చోటికే తెచ్చేయండి. రిలీఫ్ సీటులో మురికి ఉండాలి, లేదా పంపు అరిగి ఉండాలి.

పంపు మార్చడం అన్నిటికన్నా చివర. పొద్దున బాగా లేచి, మే నెల మధ్యాహ్నం ఆయిల్ కాగాక నీరసించే లిఫ్ట్‌లో గేర్ పంపు అరుగుదలను అనుమానించవచ్చు. అదే వేళకు వోల్టేజీ పడిపోతున్నా ఇలాగే ఉంటుంది, కాబట్టి మోటారు నడుస్తుండగా మీటరుతో కొలిచాకే పంపు కొనండి. కొత్త పంపు బిగించాక మోటారు తిరిగే దిక్కు సరిచూడండి. మొదటిసారి ఆన్ చేసేలోపు సక్షన్ పైపు ఆయిల్‌తో నింపండి. పొడిగా తిప్పితే కొత్త గేర్లు అప్పుడే గీసుకుపోతాయి.