నోటానా, ఉన్నోళ్లలో కాస్త నయమైనోడా?

మా పిన్ని ఆదివారం చర్చి మానదు. పోటీలో ఉన్నోళ్లలో ఒకడిది సారా డబ్బు, ఇంకొకడు కులం పేరుతో కొట్లాటలు పెట్టే రకం, ఎవరికేసినా ఆ పాపంలో నాకూ వాటా పడుద్ది కదరా అంటది.

నోటా, అంటే వీళ్లెవరూ వద్దని నొక్కే బటన్ అయితే మనసుకి హాయే, కాదన్ను. 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చింది, అంతకుముందు 49-ఓ అనే ఎన్నికల రూల్ కింద ఓటు వెయ్యనని బూత్‌లో ఆఫీసర్ ముందే రాయించి సంతకం పెట్టాలి, ఇంక గుట్టు ఎక్కడ. ఇప్పుడు మెషీన్లో అట్టడుగు బటన్, వీవీప్యాట్‌లో ఓటు దేనికి పడిందో చూపే స్లిప్పు 7 సెకన్లు కనపడి పడిపోద్ది. కానీ ఎమ్మెల్యే ఎలక్షన్లో నోటాకే ఎక్కువ పడినా, తర్వాత ఎక్కువ వచ్చినోడే గెలిచినట్టు. అక్కడే నాకు మండుద్ది.

నయమైనోడికి వేస్తే చెయ్యి కాస్త మురికే, కానీ రేపు పెన్షన్ ఆగితే మనం ఎక్కాల్సింది గెలిచినోడి గడపే కదా, నోటా గడప కాదు. నేనైతే ఇటే.

పిన్నికి ఇంకో చిక్కుంది, మొన్న రాత్రి ఎవరో వచ్చి 2 వేలు చేతిలో పెట్టి బైబిల్ మీద ఒట్టేయించుకున్నారు. డబ్బు తిరిగిచ్చేద్దామంటే వాళ్లు ఫోనెత్తట్లేదు, ఆ నోట్లు బియ్యం డబ్బాలోనే ఉన్నాయి.