బెంటోనైట్ సల్ఫర్: నడి లాన్‌లో సై, గోడ వార నై

ఊరు హైదరాబాద్ శివారు, గడ్డి మెక్సికన్, నీళ్లు బోరువి. మట్టి పరీక్షలో పీహెచ్ 8.3, అంటే క్షారం ఎక్కువ, అని తేలినప్పటి నుంచి దాన్ని దించడానికి 90 శాతం బెంటోనైట్ సల్ఫర్ గుళికలు (బెంటోనైట్ బంకమట్టి కలిపిన గంధకం) వాడుతున్నా. కొత్తలో కనిపించిన వాళ్లందరికీ కొనమని చెప్పాను. ఇప్పుడైతే ముందు నాలుగు ప్రశ్నలు అడిగి గానీ చెప్పను.

సంచి మీద నాకున్న కోపమల్లా ఒక్కటే. క్షార నేలలకు శ్రేష్ఠం అని రాస్తారు. ఆ నేలలో సున్నం ఉంటే సంగతేమిటో ఎక్కడా రాయరు. కాంపౌండ్ గోడ వార రెండడుగుల మేర గడ్డి ఎంతకీ తేరుకోలేదు. లేతాకులు పసుపు, ఈనెలు మాత్రం పచ్చన. ఇనుము అందడం లేదన్నమాట. మళ్లీ వేయించా, బాగా తడిపించా, ఊహూఁ. చివరికి మాలి గడ్డపారతో ఓ పెళ్ల లేపితే బయటపడింది: బిల్డర్ పూడ్చేసి పోయిన గచ్చు ముక్కలు, సిమెంటు పెచ్చులు. నిమ్మచెక్క పిండితే బుసబుసా నురగ, అంటే సున్నం ఉన్నట్టే! నడి లాన్ మట్టి మీద పిండితే ఉలుకూ పలుకూ లేదు. కిలో గంధకం నుంచి పుట్టే ఆమ్లం దాదాపు మూడు కిలోల సున్నపురాయిని కరిగించడానికి సరిపోతుంది, అంతే. గోడ కింద ఉన్నదేమో బస్తాల లెక్క. పోనీ కుమ్మరిద్దామంటే, పెరిగిన గడ్డి మీద ఒక విడతకు చదరపు మీటరుకు పాతిక గ్రాములు మించితే గడ్డే మాడుతుంది.

గోడ వార పట్టీకి ఇప్పుడు అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్, ఇనుము అందించే మందు) కొట్టిస్తున్నాం. లీటరు నీటికి 5 గ్రాములు, గ్రాము నిమ్మ ఉప్పు. వారం తిరక్కుండా రంగు తిరుగుతుంది. కాకపోతే పీహెచ్ కదలదు, కొత్తాకులు మళ్లీ పసుపే. పైగా తుంపర పడి తాండూరు బండ మీద తుప్పు మరక తేలింది. మా ఆవిడ దాని మీదికి ఓ కుండీ జరిపేసింది. షాపులో జిప్సం కూడా అంటగట్టబోయారు. సోడియం చౌడుకైతే సరే, సున్నపు నేలలో దానితో పీహెచ్ దిగదు.

నడి లాన్‌లో మాత్రం సల్ఫర్ పనిచేసింది, నత్తనడకన. మట్టిలోని బ్యాక్టీరియా దాన్ని ఆమ్లంగా మార్చాలి, అందుకు తడీ వెచ్చదనం రెండూ ఉండాలి. డిసెంబరులో చల్లినవి శనగబద్దల్లా గడ్డి మొదట్లో అలాగే కూర్చున్నాయి, కొన్ని మూవర్ సంచిలోకి పోయాయి. తొలకరికి ముందు చల్లినవే ఉబ్బి, విచ్చి, మట్టిలో కలిశాయి. మొన్నటి పరీక్షలో 7.6. ఇందులో వాననీటి వాటా ఎంతో విడదీసి చెప్పలేను. మొదటి ఏడు నేను మురిసిపోయిన పచ్చదనం చాలావరకు వానదే అయ్యుంటుంది, ఏమీ వేయని పక్కింటి గడ్డీ అలాగే నిగనిగలాడింది మరి. ఎండాకాలం బోరు నీళ్లలోని బైకార్బనేట్లు పీహెచ్‌ను మళ్లీ పైకి లాగుతాయి.

ఎర్రమట్టి నేల, సున్నం లేదు, వాననీరు పట్టుకునే వీలుంది అంటే ధైర్యంగా కొనండి. మాలాగా బోరు మీదే బతికే లాన్ అయితే ఏటా ఖర్చు తప్పదు. ఏదైనా, ముందు నాలుగైదు చోట్ల నిమ్మకాయ పిండి చూసుకోండి. నడి లాన్ కోసం ఈ మే నెలాఖరుకు నేను ఇంకో సంచి తెప్పిస్తున్నా. గోడ వార మట్టి మార్పించడమా, బండలు పరిపించడమా అన్నది ఇంకా ఇంట్లో తేలలేదు.