మౌస్ ముట్టకుండా ఫారాలు నింపితే: క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ

మణికట్టు నొప్పితో మౌస్ మానేసి కొన్నేళ్లయింది. నా పనేమో రోజంతా ఆన్‌లైన్ ఫారాలు నింపడం. ఆఫీసులో విండోస్ మీద క్రోమ్, ఫైర్‌ఫాక్స్. ఇంట్లో మ్యాక్ మీద సఫారీ. ఫారం ఒకటే అయినా ఒక్కో దాంట్లో ఒక్కోలా నడుస్తుంది.

కొత్తవాళ్లు ముందు విసిగిపోయేది సఫారీతోనే. టాబ్ కీ నొక్కుతూ పోతే పేరు, ఫోన్ నంబరు గడుల్లో ఆగుతుంది గానీ చెక్‌బాక్సులు, రేడియో బటన్లు, చివరికి సబ్మిట్ బటన్‌ను కూడా దాటేస్తుంది. ఫారం పాడైందనుకుంటాం. అది మ్యాక్ పద్ధతి, అంతే. సిస్టమ్ సెట్టింగ్స్‌లో కీబోర్డ్ కింద 'కీబోర్డ్ నావిగేషన్' ఆన్ చేస్తే దారికొస్తుంది. లింకుల కోసం సఫారీ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ కింద మరో టిక్కు పెట్టాలి, లేదా ఆప్షన్, టాబ్ కలిపి నొక్కాలి. క్రోమ్‌కి మ్యాక్‌లో కూడా ఈ తతంగం అక్కర్లేదు. ఈ ఒక్క విషయంలో సఫారీకి నేను మార్కులు వేయను.

అసలు ఓర్పు కావాల్సింది డ్రాప్‌డౌన్ల దగ్గర, అంటే జాబితాలోంచి ఒకటి ఎంచుకునే గడుల దగ్గర. విండోస్ క్రోమ్‌లో జిల్లా గడి మీద కింది బాణం నొక్కితే జాబితా తెరుచుకోదు, జిల్లాయే మారిపోతుంది. దాని వెనకే మండలాల జాబితా లోడవడం మొదలవుతుంది. ఇంకో బాణం, ఇంకో లోడింగ్! దీనికి మందు ఆల్ట్, కింది బాణం కలిపి నొక్కడం. జాబితా తెరుచుకుంటుంది, నెమ్మదిగా దిగి ఎంటర్ కొట్టాకే ఎంపిక ఖరారవుతుంది. మ్యాక్‌లో ఉత్త బాణానికే తెరుచుకుంటుంది, అది నాకు నచ్చింది.

రాష్ట్రం గడిలో బాణాలతో దిగే బదులు అక్షరాలు కొట్టడం మేలు. ఇంగ్లిష్ జాబితాలో 'టి', 'ఇ' వెంటవెంటనే కొడితే తెలంగాణ వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌కి మాత్రం మొదటి మూడు అక్షరాలు కొట్టినా అండమాన్ దగ్గరే ఆగుతుంది, నాలుగోది 'హెచ్' పడాల్సిందే. చిరునామా తెలుగులో టైపు చేసి కీబోర్డు లేఅవుట్ మార్చకుండా ఇక్కడికొస్తే ఏ అక్షరం కొట్టినా ఉలుకూ పలుకూ ఉండదు. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కి ఇంగ్లిష్‌కి రావాలి.

పుట్టినతేదీ గడి క్రోమ్‌లో హాయి. రోజు అంకెలు కొట్టగానే తనే నెలలోకి వెళ్తుంది. ఏడాది దగ్గర చూసుకోవాలి: ఫారం చేసినవాళ్లు గరిష్ఠ తేదీ పెట్టకపోతే ఐదో అంకెను కూడా తీసుకుంటుంది. డబ్బు మొత్తం రాసే నంబరు గడిలో పొరపాటున కింది బాణం తగిలితే 25000 కాస్తా 24999 అవుతుంది. లెక్కల పనిలో ఉన్నవాళ్లకి ఇది టెన్షనే. చెక్‌బాక్స్‌కి స్పేస్ వాడాలి, ఎంటర్ కొడితే చాలా ఫారాలు సగంలోనే సబ్మిట్ అయిపోతాయి.

మెరుగైనవీ ఉన్నాయి. ఒకప్పుడు గడి బయట ఉండగా బ్యాక్‌స్పేస్ తగిలితే వెనక పేజీకి వెళ్లిపోయేది, నింపినదంతా గోవిందా. క్రోమ్ 2016లో, ఫైర్‌ఫాక్స్ 2021లో ఆ అలవాటు మాన్పించాయి.

ఏ బ్రౌజరూ కాపాడలేనిది మాత్రం సొంత తయారీ డ్రాప్‌డౌన్. అందం కోసం బ్రౌజర్ ఇచ్చే గడిని పక్కన పెట్టి, అలాగే కనిపించే బొమ్మను పెడతారు. టాబ్ దాని మీద ఆగదు. ఆగినా, చుట్టూ కనిపించాల్సిన గీతను తీసేసి ఉంటారు కాబట్టి ఎక్కడున్నామో తెలియదు. కీబోర్డుతో అన్నీ చేయగలగాలని, ఎక్కడున్నామో కనిపించాలని వెబ్‌సైట్లు వికలాంగులతో సహా అందరూ వాడగలిగేలా ఉండాలనే డబ్ల్యూసీఏజీ 2.0 ప్రమాణం 2008లోనే చెప్పింది. అలాంటి గడి తగిలినప్పుడు విండోస్‌లో ఎడమ ఆల్ట్, ఎడమ షిఫ్ట్, నమ్‌లాక్ మూడూ కలిపి నొక్కి మౌస్ కీస్ ఆన్ చేస్తాను. నంబర్ ప్యాడ్‌తో మౌస్ బాణాన్ని అక్కడిదాకా జరిపి 5 నొక్కితే క్లిక్ పడుతుంది.