అడవిని నేర్పడానికి ఏది మేలు: మొక్కలు నాటించడమా, ఒకే చోటికి మళ్లీ మళ్లీ తీసుకెళ్లడమా?

ఒక పెద్ద చెట్టు కింద పదిమంది పిల్లల్ని నిలబెట్టి "దీని వయసెంత?" అని అడిగి చూడండి. ఒకరు ఐదేళ్లంటారు, ఇంకొకరు వెయ్యేళ్లంటారు. ఇద్దరూ అంతే నమ్మకంగా చెబుతారు. అడవి గురించి నేర్పడంలో నాకు కనిపించే అసలు కష్టం ఇదే. ఆకులు, పక్షులు కంటికి కనబడతాయి, పేర్లు చెబితే గుర్తుంటాయి. చెట్టు పెరగడానికి పట్టిన కాలం మాత్రం కనబడదు. అందుకే ఏ పద్ధతి గురించి విన్నా ముందు ఒకటే చూస్తాను: దీనివల్ల పిల్లలకు ఆ కాలం తెలిసివస్తుందా?

సాధారణంగా వాడే దారులు నాలుగు. తరగతిలో పాఠం చెప్పడం, ఒక్కరోజు అడవికి తీసుకెళ్లడం, మొక్కలు నాటించడం, ఒకే చోటికి ఏళ్ల తరబడి వెళ్లి కొలిపించడం.

తరగతి పాఠాన్ని చాలామంది తీసిపారేస్తారు. నేనలా అనుకోను. కొన్ని సంగతులు గదిలోనే బాగా అర్థమవుతాయి. ఉదాహరణకు గింజల ఆట. గిన్నెలో 40 గింజలు పోయాలి, అదే అడవి. నాలుగు జట్లు వంతులవారీగా తమకు కావలసినన్ని తీసుకోవచ్చు. ప్రతి రౌండ్ చివర మిగిలినవి రెట్టింపవుతాయి, కానీ 40 దాటవు. మాట్లాడుకోవద్దని చెప్తే సాధారణంగా రెండు మూడు రౌండ్లకే గిన్నె ఖాళీ అయిపోతుంది. రెండోసారి మాట్లాడుకోనివ్వండి. జట్టుకు ఐదు చొప్పున తీసుకుంటే 20 మిగిలి మళ్లీ 40 అవుతాయనీ, ఆట ఎన్నాళ్లయినా సాగుతుందనీ వాళ్లే లెక్క కడతారు. ఎవరైనా ఆరు తీస్తే ఎలా పట్టుకోవాలన్న గొడవ కూడా వాళ్లే పెట్టుకుంటారు. ఆ గొడవ చాలా విలువైనది. ఉమ్మడి అడవులు, పచ్చిక బయళ్లు, చేపల రేవులు వాడుకునేవాళ్లే నియమాలు పెట్టుకుని, ఒకరినొకరు గమనించుకుంటూ వాటిని తరతరాలు నిలుపుకోగలరని చూపించినందుకే అమెరికన్ పరిశోధకురాలు ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. అడవికి తీసుకెళ్లినంత మాత్రాన ఈ పాఠం రాదు.

ఒక్కరోజు యాత్ర సంతోషాన్నిస్తుంది, భయం పోగొడుతుంది. చిన్న పిల్లలకు అది చాలు. కొంచెం పెద్దవాళ్ల దగ్గర మాత్రం ఇబ్బంది వస్తుంది. వాళ్ల కళ్లు జంతువు కోసం వెతుకుతుంటాయి, అది కనిపించకపోతే "ఏమీ చూడలేదు" అంటూ తిరిగొస్తారు. చుట్టూ ఉన్న వందల చెట్లు లెక్కలోకే రావు. 1990ల చివర ఇద్దరు అమెరికన్ వృక్షశాస్త్ర అధ్యాపకులు, వాండర్సీ, షుస్లర్, దీనికి 'మొక్కల అంధత్వం' అని పేరు పెట్టారు.

ఇక మొక్కలు నాటే రోజు. ఇది అందరికీ నచ్చుతుంది. 1872లో అమెరికాలోని నెబ్రాస్కాలో మొదటి వృక్షదినం జరిగినప్పటి నుంచి దేశదేశాల్లో పాకింది. మట్టిలో చేతులు పెట్టిన పిల్లల ముఖాల్లో వెలుగు నేనూ చూశాను, దాన్ని తక్కువ చేయను. కానీ చెప్పాల్సింది చెప్పాలి. అటవీ విద్య పేరుతో మనం చేసేవాటిలో ఎక్కువ పొగడ్తలు పొందేదీ, తక్కువ నేర్పేదీ ఇదే. మొక్క నాటగానే కార్యక్రమం అయిపోతుంది, అడవి పని మొదలయ్యేదేమో అప్పుడే. కలుపు ఎవరు తీస్తారు? ఎండాకాలం ఏమవుతుంది? మేకలొస్తే? పాలిథిన్ సంచి తీయకుండానే పాతిపెట్టిన మొక్క వేర్లు లోపలే చుట్లు తిరుగుతున్నాయని ఎవరికి తెలుస్తుంది? పిల్లలు ఆ ప్రశ్నల దాకా రాకముందే బస్సెక్కేస్తారు. పైగా ఎక్కడైనా చెట్లు నాటడమే మంచిదన్న అభిప్రాయం మిగిలిపోతుంది. సహజంగా గడ్డిభూమిగా ఉన్నచోట చెట్లు నింపితే అక్కడి గడ్డినీ, దాని మీద బతికే పక్షులనూ పోగొట్టుకుంటాం.

ఇంకో చిక్కుంది. రెండు మీటర్ల దూరంలో నాటితే హెక్టారుకు 2,500 మొక్కలు పడతాయి. అవి పెద్ద మానులయ్యేసరికి అక్కడ కొన్ని వందలే ఉంటాయి. కొన్ని వాటంతటవే చస్తాయి, కలప కోసం పెంచే తోటల్లో చాలావాటిని మధ్యమధ్యలో కొట్టి పలచన చేస్తారు. నాటడం మాత్రమే చూసిన పిల్లవాడికి గొడ్డలి అంటే శత్రువు. అయితే వాడు కూర్చున్న బల్ల, రాస్తున్న కాగితం చెట్టునుంచే వచ్చాయి. ఈ రెండింటినీ కలిపి చూపించకపోతే సహజ వనరుల పాఠం సగంలోనే ఆగుతుంది.

నా ఓటు నాలుగోదానికి. చిన్న చెట్లగుంపు చాలు, 20 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. ప్రతి చెట్టుకూ ఒక నంబరు. నేలనుంచి 1.3 మీటర్ల ఎత్తులో రంగుతో గీత. ఏటా అదే నెలలో అదే గీత మీద టేపు చుట్టి కొలత రాయాలి. అదే నెల ఎందుకంటే, ఎండలకు నీరు తగ్గి కాండం కాస్త సన్నబడుతుంది, వానలకు మళ్లీ ఉబ్బుతుంది. చుట్టుకొలతను 3.14తో భాగిస్తే అడ్డుకొలత వస్తుంది. ఎత్తుకు ఒక పుల్ల చాలు. కంటినుంచి పిడికిలికి ఎంత దూరమో పిడికిలిపైన అంత పుల్లను నిటారుగా పట్టుకుని, అది చెట్టును మొదలునుంచి చివరిదాకా సరిగ్గా కప్పేవరకు వెనక్కి నడవాలి. అప్పుడు చెట్టుకూ మీకూ మధ్య దూరం ఎంతో చెట్టు ఎత్తు దాదాపు అంత. లెక్కలంటే టెన్షన్ పడే పిల్లలు కూడా దీన్ని నాలుగైదుసార్లు చేసి చూస్తారు.

మొదటి ఏడు ఇదంతా విసుగే. రెండో ఏడు నోటుబుక్కు తెరిచినప్పుడు అసలు సంగతి మొదలవుతుంది. ఏడో నంబరు ఒకటిన్నర సెంటీమీటర్లు లావెక్కింది, దాని నీడలో ఉన్న పన్నెండో నంబరు ఉన్నచోటే ఉంది. ఎందుకు? ఈ ప్రశ్న టీచర్ అడగక్కర్లేదు. మూడో ఏడు పన్నెండోది ఎండిపోతే, పిల్లలు దాని దగ్గర ఎక్కువసేపు నిలబడతారు. పోటీ, వెలుతురు, చావు, పలచన చేయడం, అన్నీ ఆ ఒక్క చెట్టు దగ్గరే అర్థమవుతాయి. శాస్త్రజ్ఞులు చేసేదీ ఇదే. పనామాలోని బారో కొలరాడో దీవిలో 50 హెక్టార్ల అడవిలో కనీసం ఒక సెంటీమీటరు లావున్న ప్రతి కాండానికీ నంబరు వేసి, 1980ల మొదటినుంచి దాదాపు ఐదేళ్లకోసారి మళ్లీ కొలుస్తున్నారు. అలాంటి కాండాలు అక్కడ రెండు లక్షల పైనే.

ఈ పద్ధతికి ఇబ్బందులు లేవని కాదు. టీచర్ మారితే ఆగిపోతుంది. నోటుబుక్కు పోతే అంతా పోయినట్టే, కాబట్టి రెండు నకళ్లు ఉంచాలి. పిల్లలు పై తరగతికి వెళ్లిపోతారు. అయితే దీన్ని నేను లోపంగా చూడను. వెళ్లేవాళ్లు వచ్చేవాళ్లకు పుస్తకం అప్పగించి, ఒక్కో చెట్టు సంగతి చెప్పి వెళ్లాలి. తమకంటే ముందు ఎవరో కొలిచారనీ, తమ తర్వాత ఇంకెవరో కొలుస్తారనీ పన్నెండేళ్ల పిల్లకు తెలియడం మామూలు విషయం కాదు. 1713లో జర్మనీలోని సాక్సనీలో గనుల అధికారి కార్లోవిట్స్, లోహం కరిగించే కొలుములకు కలప కరువవుతుంటే, పెరిగినంతే కొట్టాలని రాశాడు. ఆ మాట పాటించాలంటే ముందు ఎంత పెరిగిందో ఎవరో ఒకరు కొలిచి ఉండాలి.

వయసును బట్టి చూస్తే, ఎనిమిదేళ్లలోపు పిల్లలకు టేపు అక్కర్లేదు, ఆకుల్లో ఆడుకోనివ్వండి. పదీ పదిహేనేళ్ల మధ్యవాళ్లు కొలతకు సరిగ్గా సరిపోతారు. పదహారు దాటినవాళ్లకు నిర్ణయం అప్పగించండి: ఈ గుంపులో మూడు చెట్లు తీసేయాలంటే ఏవి? ఎందుకు? అటవీ ఉద్యోగి ఎవరైనా పక్కనుండి చట్టప్రకారం ఒక చెట్టు కొట్టే చోటుకు తీసుకెళ్లగలిగితే తప్పకుండా వెళ్లండి. తాజా మోడు మీద మధ్యలో ముదురు రంగు చేవ, చుట్టూ లేత రంగు కలప, టేకులాంటి చెట్టయితే స్పష్టమైన వలయాలు కనిపిస్తాయి. తాము పుట్టిన ఏడు ఏ వలయమో వేలితో లెక్కపెట్టుకుంటూ లోపలికి వెళ్లిన పిల్లలకు చెట్టు వయసు ఇక విడిగా చెప్పనక్కర్లేదు.

ఏళ్లతరబడి కుదరదు, మాకు ఏడాదికి ఒక్కరోజే ఉంది అంటే? అప్పుడు మొక్కలే నాటించండి, కాకపోతే వంద కాదు, పది. నాటేముందు ఆ ఉదయం పిల్లల్ని కిందటేడు నాటినచోటికి తీసుకెళ్లండి. ఎన్ని బతికాయో వాళ్లచేతే లెక్కపెట్టించండి, చచ్చినవాటిలో రెండింటిని తవ్వి వేర్లు చూపించండి.